బంగారం కోసం మూత్రం మరిగించిన మనిషి

ఈ ఎపిసోడ్‌లో రసవాదం గురించి చెప్పుకుందాం. మామూలు లోహాన్ని బంగారంగా మార్చాలని చూసే విద్య అది. పరుసవేది కథలు మనం విన్నవే. యూరప్‌లో కూడా అలాంటి రాయి ఒకటుందని నమ్మారు. "అదంతా ఉత్తిదే కదండీ, దానికీ కెమిస్ట్రీకీ ఏం సంబంధం?" అంటారా? ఒక్క కథ చెప్తాను, వినండి.

1669. జర్మనీలోని హాంబర్గ్. హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రంలోంచి బంగారం తీయొచ్చనుకున్నాడు. రంగు పసుపే కదా మరి! బోలెడంత మూత్రం పోగుచేసి, చిక్కబడేదాకా మరిగించి, అడుగున మిగిలినదాన్ని బాగా కాల్చాడు. బంగారం రాలేదు. మైనంలాంటి పదార్థం వచ్చింది, చీకట్లో దానంతటదే వెలిగింది. అదే ఫాస్ఫరస్. మన భాషలో భాస్వరం, అంటే మెరిసేది. ఊళ్లో పొలానికి వేసే డీఏపీ బస్తాలో ఉన్నదీ ఈ మూలకమే.

బ్రాండ్ ఆ పద్ధతిని దాచిపెట్టి, తర్వాత డబ్బుకి అమ్ముకున్నాడు. కొన్నాయన 1677లో ఇక్కడ లండన్‌కి తెచ్చి ఆ వెలుగు చూపించాడు. చూసినవాళ్లలో రాబర్ట్ బాయిల్ ఒకరు. మనిషి ఒంట్లోంచి వచ్చేదేదో అన్న చిన్న ఆధారం పట్టుకుని, 1680లో ఆయనా తయారుచేశారు. ఆయన కూడా పద్ధతిని రాసి, సీలు వేసి రాయల్ సొసైటీకి ఇచ్చారు. అది అచ్చయింది ఆయన పోయాకే!

1772లో పారిస్‌లో లవోయిజర్ ఇదే భాస్వరాన్ని కాల్చి తూచాడు. బరువు తగ్గలేదు, పెరిగింది. అంటే గాల్లోంచి ఏదో వచ్చి కలుస్తోందన్నమాట. ఆక్సిజన్ పాత్ర అర్థమవడానికి ఆ తూకం దారి చూపించింది.

మరిగించడం, వడకట్టడం, ఆవిరిని చల్లార్చి పట్టడం, ఇవన్నీ రసవాదుల చేతిపనులే. కెమిస్ట్రీ వాటిని ఉంచుకుని, దాచుకునే అలవాటు వదిలేసింది. ఏం కలిపాం, ఎంత కలిపాం, ఏమొచ్చింది అని బయటికి చెప్తే, ఇంకొకరు చేసి చూసి తప్పుంటే తప్పని చెప్తారు.

ఇది పాత సంగతేం కాదండీ. షుగర్‌కి రహస్య మందు అంటూ వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. అమ్మకో నాన్నకో ఇచ్చేముందు అడగండి: ఇందులో ఏముంది? ఎంతుంది? ఎవరు పరీక్షించారు? పాదరసం, సీసం ఉన్న మందులు వాడి జబ్బుపడ్డవాళ్ల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జవాబు చెప్పనివాళ్ల దగ్గర కొనకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.