‘సూన్’ అను మాట



కార్యాలయముల ఉత్తర ప్రత్యుత్తరములలో తరచుగా కానవచ్చు ఆంగ్ల క్రియావిశేషణములలో ‘సూన్’ ఒకటి. నేడు దీనికి ‘కొలది కాలములో’ అని అర్థము. ఆ కొలది కాలము గంటయా, దినమా, మాసమా యనునది మాటను బట్టి తెలియదు; సందర్భమును బట్టి ఊహించుకొనవలెను.

పుట్టుకలో ఈ మాటకు ఇట్టి సందిగ్ధత లేదు. ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘సోనా’, అర్థము ‘తత్క్షణమే’. తత్క్షణమే చేసెదమని పలికి తడవు చేయుట మానవ స్వభావము. వినువారు ఆ తడవును కూడ లెక్కలో చేర్చుకొనుటచే అర్థము క్రమముగా సడలినది.

ఈ గతి ‘సూన్’ ఒక్కదానికే పట్టలేదు. ‘ఒకటి’ అను సంఖ్యావాచకమునుండి పుట్టిన ‘అనాన్’ కూడ మొదట ‘వెంటనే’ యను అర్థము కలదే. 1598లో ముద్రితమైన షేక్స్పియరు నాటకము నాలుగవ హెన్రీ మొదటి భాగమున, పానశాలలోని కుఱ్ఱవాడు పిలిచినప్పుడెల్ల ‘అనాన్’ అని బదులిచ్చునే కాని కదలడు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో అంజూరపు చెట్టు వెంటనే ఎండిపోయెనని చెప్పుటకు వాడిన పదము ‘ప్రెజెంట్లీ’. తరువాత అదియు ‘కొంతసేపటికి’ అను అర్థమునకు దిగినది.

అయినను పాత అర్థము పూర్తిగా నశింపలేదు. ‘యాజ్ సూన్ యాజ్’ అన్నచోట రెండు పనుల నడుమ ఎడము లేదు. ‘సూనర్’ అను తరతమరూపము ‘ముందుగా’ అను అర్థమునుండి సాగి, ‘వుడ్ సూనర్’ అన్నచోట ‘దానికంటె ఇదియే మేలు’ అను ఇష్టమును తెలుపుచున్నది.

తెలుగువారికి ఇది వింత కాదు. ‘త్వర’ యనగా తొందర. ‘త్వరగా రమ్ము’ అన్నప్పుడు ఆ తొందర నిలిచియున్నది. ‘త్వరలో వచ్చెదను’ అన్నప్పుడు తొందర పోయి, నిరీక్షణ మిగిలినది.

పింఛను కొఱకు అర్జీ పంపిన వృద్ధునికి ‘సూన్’ అని ప్రత్యుత్తరము వచ్చినచో, వ్రాసినవారికి అది మర్యాదవాక్యము; చదివినవారికి అది వాగ్దానము. ఆయన మఱునాటినుండియే తపాలా బంట్రోతు రాకకై వాకిట కూర్చుండును. కావున చెప్పగలిగినచోట ‘సూన్’ అనుటకు మాఱుగా తేదీ వ్రాయుట ఉత్తమము. తేదీ చెప్పలేనిచోట పని ఎందుచే ఆగినదో తెలుపవచ్చును.