పిల్లలకు ల్యాప్‌టాప్ కొనేముందు

(కాలేజీ అడ్మిషన్ల ముందు సంఘ కార్యాలయంలో జరిగిన కుటుంబ సభలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో బోనస్, పి.ఎఫ్., కూలి రేట్ల సంగతులే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఈసారి ల్యాప్‌టాప్ గురించి చెప్పమని మహిళా సభ్యులు పట్టుబట్టారు. వాళ్ళు అడగడంలో న్యాయముంది. షోలాపూర్‌లో టవళ్ళు, చాదర్లు నేసే మన ఇళ్ళలో, బీడీలు చుట్టే ఇళ్ళలో, పిల్లల ఫీజుల తర్వాత ఒక్క దెబ్బకు అంత డబ్బు లాగే వస్తువు ఇప్పుడు ఇదే. దీపావళి బోనస్ మొత్తం దానికే పోతుంది. చాలకపోతే అప్పు. పాత మగ్గం కొనడానికి పోతే మోటారు నడిపించి, షటిల్ ఆడించి, నలుగురిని అడిగి బేరమాడే మనం, ల్యాప్‌టాప్ దుకాణంలో మాత్రం అమ్మే కుర్రవాడు ఏది చూపిస్తే దానికి తలూపి వస్తున్నాం. "మాకేం తెలుసు బాబూ" అన్న ఒక్క మాటకు మనం కడుతున్న ధర చాలా ఎక్కువ.

నిజానికి ఈ యంత్రం మనకు అంత పరాయిది కాదు. జకార్డు చాదర్ నేసినవాళ్ళు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. అట్టలో చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. 1800ల మొదట్లో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మేరీ జకార్డు ఆ పద్ధతిని మగ్గానికి కుదిర్చాడు. తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి అవే చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. ఉంది, లేదు అనే ఆ రెండు మాటల మీదే ఇవాళ్టి కంప్యూటరూ నడుస్తుంది. కాబట్టి దాన్ని చూసి జంకనక్కరలేదు. జంకవలసింది వాయిదాల కాగితాన్ని చూసి. దాని దగ్గరకు తర్వాత వద్దాం.

దుకాణానికి పోకముందు ఇంట్లో తేల్చుకోవలసింది ఒకటుంది. బిడ్డ ఏం చదువుతోంది? పదకొండు, పన్నెండు తరగతుల్లో ఉండి నీట్ క్లాసులు వినే బిడ్డకు ల్యాప్‌టాప్‌తో పెద్ద పని ఉండదు. మంచి టాబ్లెట్ చాలు, ఆ మిగిలిన డబ్బు ఫీజుకు పనికొస్తుంది. బి.కాం. చదువుతూ ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకునే బిడ్డకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. ప్రోగ్రాములు రాసే కంప్యూటర్ కోర్సులకు కొంచెం గట్టిది కావాలి. మెకానికల్, సివిల్ వాళ్ళు ఆటోక్యాడ్ లాంటి డ్రాయింగులు చేస్తారు, వాళ్ళకు మెమొరీ ఎక్కువ కావాలి. ఏ కోర్సుకు ఏది కావాలో అదే కాలేజీలో రెండో సంవత్సరం, మూడో సంవత్సరం చదివే పిల్లలను అడగండి. దుకాణదారును అడిగితే ఆయన దగ్గర అమ్ముడుపోక మిగిలినదే మీ కోర్సుకు కావాలంటాడు. కాలేజీలో ల్యాబ్ బాగుంటే మొదటి ఏడాది కొనకుండా ఆగినా నష్టం లేదు.

ఇక ఆటల సంగతి. చాలామంది తండ్రులు ఈ మాట దగ్గరే గొడవ పడుతున్నారు. "చదువుకు కొంటే ఆటలేమిటి" అని వాళ్ళు, "గేమింగ్ ల్యాప్‌టాప్ కావాల్సిందే" అని పిల్లలు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. పొద్దంతా కాలేజీలో ఉండి వచ్చిన పిల్లవాడు రాత్రి ఒక గంట ఆడుకుంటే తప్పేమీ లేదు. మనం రెండో షిఫ్టు దిగాక క్యారమ్ బోర్డు ముందు కూర్చోలేదా? కానీ ఆ గంట ఆటకోసం గేమింగ్ అని పేరు పెట్టిన యంత్రం కొననక్కరలేదు. దానిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, ధర అందుకే పెరుగుతుంది. బరువు సాధారణంగా రెండు కిలోలు దాటుతుంది, ఛార్జరు ఇటుకంత ఉంటుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఆడేటప్పుడు ఫ్యాన్ రొద చేస్తుంది. రెండు గదుల ఇంట్లో నైట్ షిఫ్టుకు పోయి వచ్చిన మనిషి పక్కన పెట్టే వస్తువు కాదది. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ వంటి ఆటలు, బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించి పెట్టుకుంటే, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో నడుస్తాయి. కొత్త కొత్త భారీ ఆటలు నడవవు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి, తర్వాత అలకలుండవు. త్రీడీ బొమ్మలు, వీడియో ఎడిటింగ్ చదువులోనే భాగమైన బిడ్డకు మాత్రం విడి కార్డు నిజంగానే అవసరం రావచ్చు.

ఇప్పుడు డబ్బా మీద అంకెలు. నూలు కట్ట మీద కౌంటు చూసి మోసపోనివాళ్ళం మనం. పైన 40 అని రాసి లోపల ఏముందో దారం లాగి చూస్తాం. ఇక్కడా అంతే. "రైజెన్ 5" అన్న పేరొక్కటే చూస్తే చాలదు. రైజెన్ 5 7520యు అని ఒకటుంది, రైజెన్ 5 7530యు అని ఇంకొకటుంది. పేరు ఒకటే, అంకెలో తేడా పదే. కానీ మొదటిదానిలో 4 కోర్లు, రెండోదానిలో 6. ఆ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైను ఎంత పాతదో చెబుతుంది. 2 ఉంటే పాతది, 3 ఉంటే దాని తర్వాతది. మొదటిదానిలో గ్రాఫిక్స్ కూడా బాగా బలహీనం, ఆటల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. ఇంటెల్‌లోనూ ఇదే కథ. సెలెరాన్ అన్న పేరుతో చౌకగా వచ్చేవి చూడటానికి కొత్తగా మెరుస్తాయి, నాలుగు కిటికీలు తెరిస్తే ఆయాసపడతాయి.

ర్యామ్ 8 జి.బి.కి తగ్గకూడదు. 16 ఉంటే నాలుగేళ్ళు నిశ్చింత. 16 కొనే స్తోమత లేకపోతే 8 కొని తర్వాత పెంచుకోవచ్చు, అయితే లోపల ఖాళీ స్లాట్ ఉండాలి. కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, చచ్చినా పెరగదు. ఈ ప్రశ్న అడగకుండా డబ్బు కట్టవద్దు. విడి కార్డు లేని యంత్రంలో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది. అందుకే ఒక్క కడ్డీ బదులు రెండు కడ్డీలుంటే ఆటలు మెరుగ్గా నడుస్తాయి. నిల్వకు ఎస్.ఎస్.డి. 512 జి.బి. మేలు, 256తో సర్దుకోవచ్చు. ఇ.ఎమ్.ఎమ్.సి. 64 జి.బి. అని ఉన్నవాటి జోలికి పోవద్దు. విండోస్ 11కు కనీసం కావలసిన చోటే 64, ఇక పిల్లలు పాఠాలెక్కడ పెట్టుకుంటారు? తెర ఫుల్ హెచ్.డి. ఉండాలి. దుకాణంలోనే పక్కకు జరిగి చూడండి, రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తే అలాంటి తెర ముందు గంటలకొద్దీ చదివే కళ్ళకు శ్రమ.

పాతవి కొనడం తప్పు కాదు. పెద్ద కంపెనీలు నాలుగేళ్ళు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వంటివి గట్టి సరుకు, కీబోర్డు బాగుంటుంది. కానీ ఒక తేదీ గుర్తుంచుకోండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 నియమాల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైవే పనికొస్తాయి. ఐ5 పక్కన 6200 అని ఉంటే ఆరో తరం, 8250 అని ఉంటే ఎనిమిదో తరం. ఆరో తరం, ఏడో తరం యంత్రాలు చౌకగా దొరకడానికి ఇదొక కారణం. వాటిమీద ఉబుంటు లినక్సు, లిబ్రె ఆఫీసు ఉచితంగా వేసుకోవచ్చు, తెలుగు, మరాఠీ రెండూ టైపు చేసుకోవచ్చు. కానీ ట్యాలీ, ఆటోక్యాడ్, వాలరెంట్ విండోస్ కోసం చేసినవి, లినక్సు మీద వాటిని నమ్ముకోవద్దు. పాతదానికి బ్యాటరీ మార్చే ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఇక ఆ కాగితం. 45,000 రూపాయల యంత్రం, రెండేళ్ళ వాయిదాలు, "వడ్డీ నెలకు ఒక్క శాతమే" అంటాడు. ఒక్క శాతం చొప్పున 24 నెలలకు 10,800. మొత్తం 55,800, నెలకు 2,325. మీరు ప్రతి నెలా అసలు కొంత తీర్చేస్తున్నా వడ్డీ మాత్రం మొదటి 45,000 మీదే వేస్తున్నాడన్నమాట. తగ్గే అసలు మీద లెక్కకడితే అది ఏడాదికి సుమారు 21న్నర శాతం పడుతుంది. "సున్నా వడ్డీ" అన్నచోట నగదు ధర వేరే అడగండి. నగదుకు ఇచ్చే తగ్గింపు వాయిదాలకు ఇవ్వకపోతే వడ్డీ అందులోనే దాక్కుంది. ప్రాసెసింగ్ ఫీజు, బీమా, యాంటీ వైరస్ అని కలిపేవి ఒక్కొక్కటే కొట్టేయించండి. మా సభ్యుడొకరికి ఒక దుకాణంలో, ఆ పేరెందుకులెండి, అడగకుండానే మూడు కలిపారు. మేము వెంట పోయి కూర్చుంటే రెండు తీసేశారు. మూడోదానికి ఇంకా తిరుగుతున్నాం.

బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం జి.ఎస్.టి. మిగులుతుందని ఆశపెడతారు. బిల్లు లేకపోతే రేపు రిపేరు వస్తే వారంటీ అడగడానికి మీ చేతిలో ఆధారం ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబరు డబ్బా మీది నంబరుతో కలవాలి. సర్వీస్ సెంటర్ మన ఊళ్ళో ఉందా, పూణె పంపాలా అన్నది కూడా అడగండి. 250 కిలోమీటర్లు పోయి వచ్చేలోగా పరీక్షలు అయిపోతాయి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, ఇంజనీరింగు వంటి వృత్తి చదువులకు ఏడాదికి 25,000 దాకా వస్తుంది. బీడీ కార్డు ఉన్న అక్కలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అర్జీ పెట్టుకోవాలి. గడువు దాటాక మా దగ్గరకు వస్తే మేమేం చేయలేం.

ఇంకొక మాట కొందరికి చేదుగా ఉంటుంది. కొడుకు చేరితే వారంలో కొత్త ల్యాప్‌టాప్, కూతురు చేరితే "అన్నది ఖాళీగా ఉన్నప్పుడు వాడుకో" అంటున్న ఇళ్ళు మన పేటల్లో తక్కువేమీ లేవు. అన్నది ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? రాత్రి పదకొండు తర్వాత. అప్పటికి ఆ పిల్ల అమ్మతో కలిసి అన్నని బీడీలు చుట్టి అలసిపోయి ఉంటుంది. ఒక్కటే కొనగలిగితే ఇద్దరికీ వేరువేరు ఖాతాలు పెట్టించండి. వేళలు గోడమీద రాసి పెట్టండి. పరీక్ష ఎవరికుంటే వంతు వాళ్ళది, ఆట ఆ తర్వాత.

వచ్చే నాలుగు ఆదివారాలు పొద్దున పది నుంచి పన్నెండు దాకా డిప్లొమా చదివే మన పిల్లలిద్దరు ఈ కార్యాలయంలోనే కూర్చుంటారు. మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చీటీమీద రాసుకుని, నగదు ధర, వాయిదాల మొత్తం రెండూ అడిగి తెలుసుకుని రండి. కొనబోయే బిడ్డను కూడా వెంట తీసుకురండి. అడ్వాన్సు కట్టకముందే రావాలి.