మన బడి కంప్యూటర్లు: విండోస్ నుంచి లినక్సుకి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ల్యాబు సంగతి పది నిమిషాల్లో చెప్పమన్నారు కార్యదర్శి గారు. ఇంజనీరుకి మైకు ఇస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు, అందుకే గడియారం నా ఎదురుగా పెట్టించారు.

2017లో మన సంఘం బడికి ఇరవై కంప్యూటర్లు ఇచ్చింది. అన్నీ విండోస్ 10వి. దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని ముందే ప్రకటన వచ్చింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ తరవాతిదో కావాలి. మనవి ఆరో తరానివి. నిక్షేపంగా పనిచేస్తున్నాయి, కానీ అర్హత లేదు. కొత్తవి కొనాలంటే ఒక్కొక్కటి నలభై వేలనుకున్నా ఎనిమిది లక్షలు. ఆ డబ్బుతో ఆడపిల్లల మరుగుదొడ్లు బాగుచేయించాలని అప్పటికే తీర్మానం చేసుకున్నాం.

లినక్సు వేద్దామన్నది నేనే. పైసా ఖర్చు లేదు, పాత యంత్రాల మీద హాయిగా నడుస్తుంది, కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి అదే వాడుతున్నారు, మనకేం తక్కువ అని వాదించాను. కేరళలో ముందు పంతుళ్ళకి శిక్షణ ఇచ్చారనీ, పాఠ్యపుస్తకాలే దానికి తగ్గట్టు రాశారనీ నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ పదేళ్ళకు పైగా లినక్సు నడిపి, 2017లో మళ్ళీ విండోస్‌కే వెళ్ళాలని నిర్ణయించిందని కూడా చెప్పలేదు. వాదనలో గెలవాలనుకున్నవాడు అన్నీ చెప్పడు కదా.

మే నెల సెలవుల్లో రెండు రోజులు కూర్చుని ఇరవైకి ఇరవై మార్చేశాను. ఊపు మీదున్నాను కనుక ఆఫీసు గదిలో కంప్యూటరు కూడా మార్చేశాను. అక్కడ తప్పు చేశాను.

ఫైళ్ళన్నీ ముందే పెన్‌డ్రైవులోకి తీసుకున్నాను, ఒక్కటీ పోలేదు. కానీ మన ఆఫీసు కాగితాలు ఇరవై ఏళ్ళుగా యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో ఉన్నాయి. ఆ ఫాంట్ల కిటుకు ఇది: కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల అంకెలే, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు ఉన్నంతసేపు చక్కటి తెలుగు, తీసేస్తే పిచ్చి గీతలు. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకంటూ 128 స్థానాల సొంత గది ఉంది, ఏ యంత్రంలో తెరిచినా 'క' అంటే 'క'యే.

జూన్‌లో బడి తెరిచారు. కంకిపాడు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చింది, మర్నాడు పాలిటెక్నిక్ కౌన్సెలింగ్. ఫైలు తెరిస్తే తెలుగన్నది లేదు. ప్రింటరుకి కొత్త సిస్టంలో డ్రైవరు లేదు. గుమాస్తా గారు మనకి జూనియరే, నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, నా వేళ్ళు వెళ్ళిన చోట అక్షరం లేదండీ" అన్నారు. కోపంగా అనలేదు, అదే ఇంకా బాధ. చివరికి హెడ్‌మాస్టారు చేత్తో రాసి ముద్ర వేసి ఇచ్చారు. ఆ తల్లి మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుంది.

మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం. ఏ రైతునడిగినా చెబుతాడు. నేను చెరువు నింపకుండా కాలువ కట్టేశాను.

తరవాత దిద్దుకున్నాం. ఆఫీసులో పాత విండోస్ యంత్రాన్ని మళ్ళీ నిలబెట్టాం, ఇంటర్నెట్టు తీగ పీకేసి, పాత ఫైళ్ళు చూసుకోవడానికి మాత్రమే. పక్కన లినక్సుది. అందులో తెలుగు టైపుకి ఇన్‌స్క్రిప్టుతో పాటు ఆపిల్ కీబోర్డు అమరిక కూడా ఉంది, గుమాస్తా గారి వేళ్ళకి అలవాటైంది అదే. ఆ ఒక్కటి మొదటిరోజే వెతికి పెట్టుంటే సగం గొడవ ఉండేది కాదు. ప్రింటరు మాత్రం మార్చక తప్పలేదు. 'పైసా ఖర్చు లేదు' అన్న మాటకి జరిమానాగా దాన్ని నేనే కొనిచ్చాను.

ల్యాబులో పిల్లలకి రెండు రోజులు పట్టింది. లెక్కల మాస్టారికి ఇప్పటికీ కుదరలేదు. వర్డులో ఒక పేజీలో ఒదిగిన ప్రశ్నపత్రం లిబ్రె ఆఫీసులో తెరిస్తే రెండో పేజీలోకి జారుతోంది, భిన్నాలు పక్కకి జరుగుతున్నాయి. ఆయన ఇంట్లో వర్డులో చేసుకుని, పీడీఎఫ్ తెస్తున్నారు. దాన్ని ఓటమి అనను. పరీక్ష ముందురోజు రాత్రి ఆయన నాకోసం కొత్త పాఠం ఎందుకు నేర్చుకోవాలి? అన్నట్టు లినక్సుకీ గడువు ఉంటుంది. మనం వేసిన మింట్ 22కి 2029 దాకా. అప్పుడు కొత్తది వేసుకోవడానికి డబ్బు అక్కర్లేదు, మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో ఇప్పుడే చూసుకోవాలి, నేను అప్పటికి ఎక్కడుంటానో.

ఇక మీ చేతుల్లో ఉన్న సంచిక సంగతి. 2001 రజతోత్సవ సంచిక గవర్నర్‌పేటలో పేజ్‌మేకర్‌లో కూర్చారు, సీడీ మన బీరువాలో ఉంది. అందులో మన తెలుగు మాస్టారు రాసిన వ్యాసం మళ్ళీ వేద్దామనుకున్నాం. మాస్టారు ఇప్పుడు లేరు. యూనికోడ్‌లోకి మారిస్తే చాలా చోట్ల ఒత్తులు పక్క అక్షరానికి వెళ్ళిపోయాయి. పాత విద్యార్థి ఒకరి ఇంట్లో అచ్చు ప్రతి దొరికింది. ముగ్గురు పదో తరగతి పిల్లలు అది ఒళ్ళో పెట్టుకుని నాలుగు సాయంత్రాలు దిద్దారు. తరవాత ప్రెస్సువాళ్ళు తమకి పాత ఫాంటులోనే కావాలన్నారు. యూనికోడ్ నుంచి మళ్ళీ వెనక్కి మార్చి, మళ్ళీ దిద్దాం. నవ్వండి, నేనూ నవ్వాను.

ఒక్క మాట దగ్గర పిల్లలు ఆగిపోయారు. అచ్చు ప్రతిలోనూ అలాగే ఉంది, అది అచ్చుతప్పో, మాస్టారు కావాలని వాడిన మాటో మాకెవరికీ తెలియలేదు. దిద్దకుండా వదిలేశాం. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎవరైనా ఆ మాట గుర్తుపడితే, భోజనాల దగ్గర నాకు చెప్పండి.