కొండసీమకు గ్రంథాలయము



బీరువాలో బంధింపఁబడిన పుస్తకము కాష్ఠతుల్యము. చదువరి చేతఁ బడిననే యది విద్య యగును. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపైఁ బడవ గ్రంథాలయమును నడపిరి. పాఠకుఁడు రాలేనిచోటికి గ్రంథమే పోయినది.

డుంబ్రిగుడ సీమలో అట్టి కాలువలు లేవు, సంతలున్నవి. పుస్తకముల పెట్టెను సంతకుఁ గొనిపోయి, చెట్టునీడ నొకరు చదువఁగాఁ బదుగురు వినునట్లు చేయుదము. మొదట గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రమును జదువుఁడు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకములతో విద్వాంసుఁడైన పేదబాలుని కథ యది.

అయితే యిచటి శిశువులలో ననేకుల యింటిభాష తెలుఁగు గాదు. కువియో, ఆదివాసీ ఒడియాయో. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. గ్రాంథికమున మాటలాడు నాకును ఈ విషయమున నాయన మార్గమే శరణ్యము. చదివినదానిని బిడ్డల మాటలోఁ జెప్పుటకు స్థానిక యువకు నొకని వేతనముతో నియమింపవలయును. వారి వృద్ధుల కథలను మనము వ్రాసికొనవలయును.

దాతలారా! పేరు చెక్కిన బీరువాకన్న, పదిచేతులలో నలిగిన పుస్తకమే మీ కీర్తికి శాసనము. ఆ పెట్టెకును, ఆ యువకుని వేతనమునకును నేఁడే చందా వ్రాయుఁడని ప్రార్థించుచున్నాను.