కుక్కపిల్ల బోనుకు గుడ్డ తొడుగు

వనస్థలిపురంలో విజయవాడ హైవేను ఆనుకుని ఉన్న ఇళ్లలో రాత్రంతా బండ్ల లైట్లు గోడల మీద పరిగెడుతూనే ఉంటాయి. బోనులో పడుకున్న కుక్కపిల్ల ప్రతి నీడకీ లేచి మొరుగుతుంది. మూడు పక్కలా గుడ్డ కప్పితే చాలా కుక్కలు నెమ్మదిస్తాయి. చప్పుడు మాత్రం గుడ్డతో ఆగదు. దీపావళికి దీన్నే నమ్ముకోకండి.

కొత్త గుడ్డ కొనక్కర్లేదు, పాత నూలు డబుల్ దుప్పటి చాలు. ఎన్నోసార్లు ఉతికింది కనుక ఇక పెద్దగా కుంచించుకుపోదు. పాలిస్టర్ వద్దు, గాలి ఆడదు.

36 అంగుళాల పొడవు, 23 వెడల్పు, 25 ఎత్తున్న బోను అనుకుందాం. ఒక పక్క నుంచి పైకప్పు మీదుగా రెండో పక్కకు ఒకే ముక్క వస్తుంది: 25, 23, 25 కలిపితే 73. కుట్లకు రెండేసి అంగుళాలు కలిపి 75 పొడవు, 38 వెడల్పు కత్తిరించండి. వెనకవైపు ముక్క 25కి 27. దీన్ని పెద్ద ముక్కకు మూడు వైపులా కలిపి కుడితే పని దాదాపు అయినట్టే. మూల దగ్గర సూది గుడ్డలోనే ఉంచి, మిషన్ పాదం ఎత్తి గుడ్డ తిప్పండి, ముడతపడదు. అడుగు అంచు మూడంగుళాలు పైకి మడవండి, గాలికి దారి ఉంటుంది. ముందువైపు తెరిచే ఉంచాలి. కట్టడానికి నాడాలు బయటివైపే పెట్టండి. గుండీలైతే కొరికి మింగేస్తుంది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దించుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తొడుగు తీసేయండి.