మన కతలు మన గేరికి రావాలి

(నంద్యాల, ఆళ్లగడ్డలలో చదువరుల కూటాల్లో మేము చేసిన ప్రసంగ పాఠం)



"సదువుకోడానికి ఏమన్నా మంచి పుస్తకాలుంటే చెప్పండప్పా" అని ఈమధ్య మమ్మల్ని చానామంది అడుగుతున్నారు. అడిగేది పరీక్షలకు చదివే పిల్లలు కాదు. విత్తనాల ప్లాంట్లలో గింజలు ఏరే అక్కలు, ఆటో తోలే తమ్ముళ్లు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి దిగిపోయిన పెద్దలు. పొద్దంతా పని చేసి వచ్చి, రాత్రిపూట నాలుగు పేజీలు తిప్పుదామనుకునేవాళ్లు. అందుకే ఈ మాటలు.

మన దగ్గర చదివే అలవాటు లేదని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. అది అబద్ధం. 19వ శతాబ్దంలోనే ముత్యాలపాడు, నంద్యాల మిషన్ బళ్లలో మన ముత్తాతలు అక్షరం పట్టుకున్నారు. తర్వాత మన ఇండ్లల్లో వారపత్రికల సీరియళ్లు చదివారు, అద్దె నవలలు చదివారు. చదవకపోవడం కాదు సమస్య. చదివిన దాంట్లో మనం యాడున్నాం? ఉంటే గాటిపాట కాడ పాలేరు. లేకుంటే ఎవరో దయ తలిస్తే బతికేవాడు.

ఆ తర్వాత సినిమాలొచ్చాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర'. సీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టుడు అని లోకమంతా నమ్మింది. ఆళ్లగడ్డ నుంచి వచ్చామంటే ఇప్పటికీ ఎగాదిగా చూసేవాళ్లున్నారు. సరే, దొర పగ చూపించారు, దొర త్యాగం చూపించారు. ఆ దొర జీపు వెనక నిలబడి చచ్చినోడు ఎవడు? జైలుకు పోయినోడు ఏ గేరివాడు? వాని పెండ్లాం కోర్టు చుట్టూ ఎన్నేండ్లు తిరిగింది? ఆ కత ఏ సినిమా చెప్పలేదు. మన కత మనం చదవకుంటే, మనం కూడా మనల్ని ఆ సినిమా కండ్లతోనే చూసుకుంటాం. మేము చెప్పదలచుకున్నది ఇదే.

మనోళ్లు రాయలేదా? రాశారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి తర్వాత ముందు కవిత్వం వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' సంకలనాలు వచ్చాయి. ఆ వెనకాలే కతలు, నవలలు, జీవిత కథలు పెరిగాయి. వాటిలో కొన్ని చెబుతాం, ఏది ముందు చదవాలో కూడా చెబుతాం.

మొదట ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు' పట్టుకోండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి దళిత మహిళ. పెద్ద చదువులు చదవలేదు. చిన్న చిన్న కతలు, మన సీమ మాట. ఒక్కో కత బస్సు వచ్చేలోపల అయిపోతుంది. చదివిన అక్క "ఇది మా ఇంట్లో కతే గదా" అంటుంది. అట్లా అన్న మరుక్షణం ఆమె కూడా రాయగలదు.

రెండోది 'మా నాయన బాలయ్య'. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో 2011లో రాస్తే పి. సత్యవతి తెలుగు చేశారు. తెలంగాణ మాదిగ కుటుంబం మూడు తరాల కత. మంచి చెప్పులు కుట్టినందుకు నిజాం ఇచ్చిన 50 ఎకరాల్లో దొర మిగిల్చింది రెండెకరాలు. ఆ ఇల్లు రైల్వే కూలీతో లేచి, పిల్లల చదువుతో నిలబడింది. నంద్యాల స్టేషన్ చుట్టూ బతికిన మన రైల్వే కుటుంబాలు ఇది తప్పక చదవాలి. మాల ఇండ్లల్లో మరీ చదవాలి. వర్గీకరణ మీద వాదాలు మీటింగుల్లో పెట్టుకుందాం. ఒకరి బాధ ఒకరు చదవకుండా ఆ వాదం కూడా సక్కగా సాగదు.

మూడోది జి. కల్యాణరావు 'అంటరాని వసంతం', 2000లో వచ్చిన నవల. రూతు అనే ముసలామె తలపోతలో తరాల కత నడుస్తుంది. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వడానికి పోయినవాళ్లకు అక్కడ కూడా కులమే అడ్డం పడుతుంది. కె.సి. కాలువ కింద కూలి చేసి బతికే మనకు, కాలువల కత ఎవరి చెమటతో మొదలైందో గుర్తు చేసే పుస్తకం. ఒక మాట దాచం: కాలం ముందుకూ వెనక్కూ పోతుంటుంది, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. ఒంటరిగా కంటే నలుగురు కూడి చదివితే మేలు.

ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లే చెప్పాలి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు'లో 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవి ఉన్నాయి. జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం', ఎం.ఎం. వినోదిని 'బ్లాక్ ఇంక్' కతలు కూడా చదవండి. ఊరోళ్ల కులాన్నే కాదు, మన ఇంటి మగవాణ్ణి కూడా నిలదీస్తాయి. అన్నలారా, మింగుడుపడకపోయినా చదవండి.

సీమ చరిత్ర కావాలంటే బండి నారాయణస్వామి 'శప్తభూమి'. 18వ శతాబ్దపు హండే పాలకుల కాలం. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

బాబాసాహెబ్ కూడా తన బతుకు కత కొంచెం రాశాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని చిన్న పుస్తకం. రైలు దిగిన పిల్లల్ని, మహర్లని తెలిసి, బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే గానీ ఒకడు ఒప్పుకోలేదు. అంత పెద్ద మేధావి ఈ చిన్న సంగతి ఎందుకు రాశాడు? అవమానం రాసిపెడితే సాక్ష్యమవుతుంది గనుక. ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నాం. ఆ చేతిలో ఉన్నది పుస్తకమే గదా.

ఇక అసలు సంగతి. "కొనడానికి దుడ్లు యాడివి?" అంటారు. న్యాయమే. కానీ 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పోతోంది. గుడిసెవాడు కూడా కడుతున్నాడు. నంద్యాల 2022లో జిల్లా అయింది. జిల్లా అయిన ఊళ్లో మన పుస్తకాలు మన కండ్లబడాలా వద్దా? ఇది బిచ్చం కాదు, మన పైసల లెక్క. పై పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. గేరిలో యాభైమంది సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. గ్రంథాలయానికి పోయి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నెల తర్వాత మళ్లీ పొండి.

పుస్తకం వచ్చినాక వారానికొక రాత్రి కూడండి. చదువొచ్చినోళ్లు ఒకరు గట్టిగా చదవాలి, రానోళ్లు పదిమంది వినాలి. విన్న అవ్వ తన కత చెబితే, ఆ చదివిన పిల్లే దాన్ని నోటుబుక్కులో ఎక్కించాలి. రేపు మనం సదవాల్సిన పుస్తకం అదే.

జై భీమ్.