మీట నొక్కిన వ్రేలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నా ఉద్యోగ జీవితమును గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను సంకోచించితిని. నేను పెద్ద అధికారిణిని కాను. నా సంతకముతో ఒక్క ఉత్తర్వైనను వెలువడలేదు. 1983లో ఢిల్లీకి వచ్చి, 2021లో విరమించువరకు ముప్పది ఎనిమిది ఏండ్లు ఇతరులు వ్రాసిన కాగితములు చూచి మీటలు నొక్కినదానను. అయినను ఈ సభలోని వారి పేర్లు, పుట్టిన తేదీలు, జీతములు ఎక్కడనో ఒకచోట నావంటివారి వ్రేళ్ల మీదుగా సాగినవే. కనుక ఆ వ్రేళ్ల కథ కొంత వినుట మీకు విసుగు కాదని తలంచుచున్నాను.

నేను చేరిన నాడు మా కార్యాలయములో ఇంకను కార్డులే వాడుకలో నుండెను. ఒక్కొక్క కార్డులో ఎనుబది నిలువు వరుసలు. అంకె యైనను, అక్షరమైనను రంధ్రమై ఆ వరుసలో పడవలెను. ఇరువది యంత్రములు ఒక్కమారు పనిచేయునప్పుడు రేకుల కప్పు మీద వడగండ్ల వాన కురిసినట్లుండెడిది. రాత్రి నిద్రలో గూడ ఆ మ్రోత నన్ను విడిచెడిది కాదు.

ఆ పద్ధతిలో ఒక గొప్ప గుణము కలదు. ఒకరు కొట్టిన కార్డును రెండవవారు సరిచూచు యంత్రములో పెట్టి, మూల కాగితమును చూచుచు అవే మీటలు మరల నొక్కవలెను. రెండును కలిసినచో కార్డు కుడి అంచున చిన్న గంటు పడును. కలియనిచో యంత్రము ఆగిపోయి దీపము వెలుగును. మరల యత్నించినను కలియకున్నచో తప్పుపడిన వరుసకు పైన, కార్డు మీది అంచున గంటు పడును. మొదట ఇది నాకు అవమానముగా తోచెడిది. నా పనిని మరియొకరు శంకించుట ఏమని లోలోపల కోపగించితిని. అది శంక కాదనియు, తోడు అనియు తెలియుటకు నాకు చాల కాలము పట్టినది.

తరువాత కార్డులు పోయి తెరలు వచ్చినవి. 1989 సెప్టెంబరు 11వ తేదీన ఆర్థిక మంత్రిత్వ శాఖ ఉత్తర్వు వలన మా ఉద్యోగములకు వరుస శ్రేణులు ఏర్పడినవి. మొదటి శ్రేణి జీతము 1150–1500 రూపాయలు. ఈ ఉద్యోగపు పరీక్షలలో గంటకు 8000 మీటలు నొక్కవలెనను నియమము నేటికిని కలదు. అనగా సెకనుకు రెండింటికి పైగా. ఆ వేగములో కన్ను కాగితము మీద, వ్రేలు మీట మీద నుండును. మనస్సు ఎక్కడనున్నదో ఎవరును అడుగరు.

మన తెలుగువారి పేర్లతో మరియొక చిక్కు. ఉత్తరాది పత్రములలో వంశనామమునకు చివర గడి. మన ఇంటిపేరు ముందుండును. ఒకే మనిషి ఒక దస్త్రములో ఒక విధముగను, మరియొక దానిలో వేరొక విధముగను నమోదై, ఇద్దరైపోవుట నేనెఱుగుదును. అట్టి పేర్లను సరిచేయించుటలో నేను కొంత సాయపడితిని. ఆ మంచిని చెప్పుకొంటిని గనుక నా తప్పును గూడ చెప్పవలెను.

2010లో మా విభాగమునకు తెలుగులో వ్రాసిన ఉత్తరమొకటి వచ్చినది. చదువగలదానను నేనొకతెనే గనుక దానిని నా బల్ల మీద పెట్టిరి. గోదావరి జిల్లా నుండి ఒక వృద్ధురాలు, కుటుంబ పింఛను పొందుచున్న విధవ, వ్రాయించినది. ఎనుబది ఏండ్లు నిండినవారికి పింఛనులో నూటికి ఇరువది వంతులు అదనముగా నిచ్చు పద్ధతి ఆరవ వేతన సంఘము సిఫారసుల మీద వచ్చినదని మీరెఱుగుదురు. "నాకు నిరుడే ఎనభై నిండాయి. బ్యాంకువారు ఇంకా తొమ్మిదేళ్లు ఆగాలంటున్నారు. అంతవరకు నేను ఉంటానా నాయనా?" అని ఆమె ప్రశ్న.

దస్త్రము తెప్పించితిని. పుట్టిన సంవత్సరము 1939 అని యుండెను. నమోదు చేసినవారి సంకేత సంఖ్యను చూచితిని. అది నాదే.

1998 నాటి మూల కాగితమును వెదకి తీసితిని. చేతివ్రాతలో 1929. రెండు అంకె తోక ముడుచుకొని మూడువలె నున్నది. ఆనాడు నాకు సందేహము కలిగియుండవలెను. కలిగినను నేను ఆగలేదు. ఆ కాగితము మీదనే, నాలుగు గీతల దిగువ, పెద్దకుమారుడు పుట్టిన సంవత్సరము 1948 అని స్పష్టముగ నుండెను. తొమ్మిదేండ్ల బాలికను నేను తల్లిని చేసితిని! అప్పటికి పని తొందర వలన రెండవమారు కొట్టి సరిచూచు పద్ధతిని మానివేసిరి. నన్ను ఆపుటకు ఏ దీపమును వెలుగలేదు.

సవరణకై టిప్పణి వ్రాసితిని. "యంత్ర దోషమని వ్రాయుము, ఎవరికిని నొప్పి కలుగదు" అని పై అధికారి దయతోనే సలహా యిచ్చెను. యంత్రము ఎన్నడును మూడు నొక్కలేదు; నొక్కినది నా వ్రేలు. ఆ మాటనే వ్రాసితిని. ఒక హెచ్చరిక పత్రము నా దస్త్రములో చేరినది. దానిని గురించి నాకు నేటికిని చింత లేదు. కొన్ని నెలలకు బకాయితో సహా ఆమెకు సొమ్ము ముట్టినది. తప్పు నాదేనని తెలుపుచు నేను వ్రాసిన జాబునకు ఆమె ఒక కార్డు వ్రాయించినది: "అమ్మా, డబ్బు చేరింది. తప్పు ఒప్పుకొని రాసినవాళ్లను ఇన్నేళ్లలో నిన్నొక్కదాన్నే చూశాను. పిల్లలతో చల్లగా ఉండు." ఆ కార్డు నా పెట్టెలో భద్రముగ నున్నది.

అప్పటినుండి సందేహము వచ్చినచోట ఆగుట నేర్చుకొంటిని. నా వేగము తగ్గినది, మందలింపులు వినితిని. కొత్తగా చేరిన పిల్లలకు మాత్రము ఒక్కటే చెప్పుచు వచ్చితిని: అంకెను చూడకుడు, అంకె వెనుకనున్న మనిషిని చూడుడు.

2011 జనగణన ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8,11,27,740 మంది. ఆ సంఖ్యలో నేనొకతెను. మీలో పలువురు నున్నారు. ఇంత పెద్ద సంఖ్య గూడ ఒక్కొక్క ఇంటి గడపలో ఒక్కొక్కరు చెప్పిన జవాబుతోనే కూడినది. 2027 జనగణనకు 2025 జూన్ 16వ తేదీన ప్రకటన వెలువడినది. గణకులు చేతిఫోనులోనే వివరములు ఎక్కించునట్లు దీనిని నిర్ణయించిరి. అనగా ఇక మీట నొక్కు వ్రేలు మీ గుమ్మములోనికే వచ్చును. పిల్లలారా, మీ మాతృభాష యేదని అడిగినప్పుడు స్పష్టముగ చెప్పుడు. ఏమి నమోదైనదో మర్యాదగా అడిగి తెలిసికొనుడు. సరిచూచు ఆ రెండవ కన్ను ఇకమీదట మీదే కావలెను.